గజపతి కుమార్తె: రాయల మూడవ రాణి మీద మోపిన నేరము - ఒక సాక్ష్య పరిశీలన

తిరుమలాయపాలెం మొదలుకొని భద్రాచలం అడవి అంచు వరకు సేవ చేస్తున్న దైవసేవకులకు శ్రీకృష్ణదేవరాయల పేరు కొత్తది కాదు. ఆయన కళింగ దండయాత్ర ఈ ప్రాంతము మీదుగానే సాగింది. ఆయన జయించిన దుర్గముల పట్టికలో అనంతగిరి, ఉండ్రకొండ, ఉర్లగొండ, కందికొండ, నల్లగొండ, కనకగిరి పేర్లతోపాటు కంబంమెట్టు, అనగా నేటి ఖమ్మం కూడా ఉన్నది. అయితే ఆ యుద్ధము చివర రాయలకు భార్యగా వెళ్లిన ఒరిస్సా గజపతి కుమార్తె సంగతి మనవారికి చరిత్రగా తెలియదు, కథగానే తెలుసు.

కథ ఇలా నడుస్తుంది. యుద్ధములో ఓడిన ప్రతాపరుద్ర గజపతి, అల్లుణ్ణి చంపించడానికే కూతురిని ఇచ్చాడు. ఆమె పడకగదిలో కత్తి దాచింది. మహామంత్రి తిమ్మరుసు ముందే కనిపెట్టి రాజును కాపాడాడు. రాజు ఆమె ముఖము మళ్లీ చూడలేదు. కొన్ని చోట్ల కత్తి తండ్రిదంటారు, కొన్ని చోట్ల ఆమెదే అంటారు. 1962లో వచ్చిన "మహామంత్రి తిమ్మరుసు" చలనచిత్రము ఈ రాణికి అన్నపూర్ణ అనే పేరును ఇంటింటికీ చేర్చింది. జనశ్రుతిలో ఆమె తుక్కాదేవి. "రాయవాచకము"లో ఆమె జగన్మోహిని. ఒక స్త్రీకి ఇన్ని పేర్లు ఉండడమే ఆమె గురించి మనకు ఎంత తక్కువ తెలుసో చెబుతున్నది.

ఈ కథను ప్రసంగ వేదికల మీద వాడుట మేము పలుమార్లు విన్నాము. యెజెబెలు, దెలీలాల సరసన ఈమెను నిలబెట్టి, "ఇంటిని పాడుచేయు స్త్రీ"కి తెలుగు దృష్టాంతముగా చూపుతారు. వినేవారికి అది బాగా నాటుతుంది కూడా. కాని నిర్గమకాండము 20:16లోని ఆజ్ఞ బ్రతికి ఉన్న పొరుగువానికి మాత్రమే వర్తిస్తుందా? 500 ఏండ్ల క్రితము చనిపోయిన ఒక స్త్రీ మీద హత్యాప్రయత్నము మోపేటప్పుడు, ద్వితీయోపదేశకాండము 19:15 కోరిన ఇద్దరు ముగ్గురు సాక్షులు ఎక్కడ ఉన్నారని అడగవలసిన బాధ్యత బోధకునికి లేదా? ఈ వ్యాసములో మేము ఆ సాక్షులనే ఒక్కొక్కరినీ పిలిచి చూడదలచాము.

మొదట యుద్ధము. రాయలు 1509లో సింహాసనమెక్కాడు. 1513లో గజపతుల అధీనములోని ఉదయగిరిని ముట్టడించి, 1514లో దానిని తీసుకొన్నాడు. అక్కడి బాలకృష్ణ విగ్రహమును రాజధానికి తెచ్చి ఆలయము కట్టించాడు. 1515లో కొండవీడు పడిపోయింది. అక్కడ గజపతి కుమారుడు వీరభద్రుడు బందీగా దొరికాడు. తరువాత కొండపల్లి. ఆ పిమ్మట తెలంగాణ దుర్గములు, చివరకు సింహాచలము. అక్కడ 1516 నాటి శాసనము రాయలతోపాటు తిరుమలదేవి, చిన్నాదేవి అనే ఇద్దరు రాణుల కానుకలను కూడా పేర్కొంటున్నది.

ఇక్కడ మన మొదటి సాక్షి ఫెర్నావ్ నూనిజ్ అనే పోర్చుగీసు వర్తకుడు. ఇతడు విజయనగరములో ఉండి సుమారు 1535-37 మధ్య తన వృత్తాంతము వ్రాశాడు. రాయలు మరణించింది 1529లో గనుక ఇతడు ఈ యుద్ధమును కన్నులారా చూసినవాడు కాడు, కాని చూసినవారు ఇంకా ఊరిలో ఉండగా విని వ్రాసినవాడు. ఇతడు చెప్పినది శ్రద్ధగా చదవాలి. కొండపల్లిలో రాయలకు చిక్కినవారిలో గజపతి భార్య ఒకతె ఉన్నది. బందీగా ఉన్న గజపతి కుమారుడు కత్తిసాములో పేరుమోసినవాడు. రాయలు అతని నేర్పు చూడదలచి రాజవంశీయుడు కాని ఒకనిని ఎదురు నిలబెట్టాడు. అది తన కులానికే అవమానమని తలచి ఆ యువకుడు ప్రాణము తీసుకొన్నాడు. కొడుకు పోయిన వార్త విన్న గజపతి, కనీసము భార్యనైనా విడిపించుకొనే దారి ఏమిటని సాళువ తిమ్మరుసుకు వ్రాసి అడిగాడు. కూతురిని రాజుకు ఇమ్మని, అప్పుడు భార్యా భూములూ తిరిగి వస్తాయని తిమ్మరుసు జవాబు పంపాడు. గజపతి అలాగే చేశాడు. రాయలు కృష్ణా నదికి ఉత్తరాన ఉన్న భూములను తిరిగి ఇచ్చివేసి, దక్షిణాన ఉన్నవి తాను ఉంచుకొన్నాడు.

నూనిజ్ కథలో మనకు కనబడే అమ్మాయి ఎవరు? అన్న శత్రువు రాజధానిలో చనిపోయాడు. తండ్రి భార్య శత్రువు చెరలో ఉన్నది; ఆమె ఈ పిల్లకు కన్నతల్లియో సవతి తల్లియో నూనిజ్ వివరించడు. ఆమెను విడిపించే వెలగా ఈమెను లెక్కకట్టారు. ఆ లెక్క చెప్పినవాడు తిమ్మరుసు. తరువాతి కథలో రాజును ఈ పెండ్లికూతురి నుండి కాపాడినవాడుగా మెచ్చుకోబడే మంత్రియే, మొదటి సాక్షి ప్రకారము, ఈ పెండ్లిని కుదిర్చినవాడు. కత్తి మాట నూనిజ్ ఎత్తనే లేదు. అతడు రాజకుటుంబపు గుట్టు దాచే మనిషి కాడు. చిన్న యువరాజు తిరుమలరాయని మరణము విషప్రయోగమే అన్న అనుమానమును, ఆ కారణముగా తిమ్మరుసు కండ్లు పీకించిన సంగతిని వివరముగా వ్రాసినవాడే. అటువంటివాడికి కొత్త రాణి పడకగదిలో కత్తి దొరికిన వార్త చెవినబడి ఉంటే వదలిపెట్టేవాడా?

ఈ యుద్ధపు ఒప్పందము మన ప్రాంతానికి సంబంధించినది. కృష్ణకు ఉత్తరపు భూములు తిరిగి ఇచ్చివేయబడినవంటే, కొండపల్లి సీమతోపాటు ఖమ్మం సీమ కూడా ఆ లెక్కలోనిదే. పిల్ల దక్షిణానికి పోయింది, భూమి ఉత్తరానికి వచ్చింది. 1 రాజులు 9:16 చదివినవారికి ఇది వెంటనే స్ఫురించాలి. అక్కడ ఫరో గెజెరును పట్టుకొని, కాల్చి, దానిని తన కుమార్తెకు అరణముగా సొలొమోనుకు ఇచ్చాడు. దిశ మారింది గాని వ్యవహారము ఒకటే. ఆ ఫరో కుమార్తె పేరేమిటో కూడా రాజుల గ్రంథము మనకు చెప్పదు. ఇంతా చేసి, రాయలు తిరిగి ఇచ్చిన ఈ సీమ గజపతుల చేతిలో నిలవలేదు. కొద్ది దశాబ్దములలోనే గోల్కొండ కుతుబ్‌షాహీల పాలయింది.

రెండవ సాక్షి డొమింగో పేస్. ఇతడు కూడా పోర్చుగీసువాడే, సుమారు 1520 ప్రాంతములో విజయనగరమునకు వచ్చి రాజును దగ్గరగా చూశాడు. రాజుకు 12 మంది భార్యలున్నారని, వారిలో ముగ్గురు ముఖ్యులని వ్రాశాడు. ఒకతె ఒరిస్సా రాజు కుమార్తె, ఒకతె శ్రీరంగపట్టణపు రాజు కుమార్తె, మూడవ ఆమె రాజు యౌవనములో ప్రేమించిన వేశ్య. తాను రాజైతే పెండ్లాడుతానని ఆమెకు మాట ఇచ్చి నిలబెట్టుకొన్నాడట. ఈ చివరి ఆమెనే చిన్నాదేవిగా పలువురు గుర్తిస్తారు. ముగ్గురికీ సమానమైన భవనములు, పరిచారికలు, సొమ్ములు ఉన్నవని, వారి మధ్య కలహము రాకూడదనే ఈ ఏర్పాటు అని, వారు ఒకరితో ఒకరు స్నేహముగా ఉన్నారని పేస్ చెబుతాడు. పేస్ అంతఃపురములో ప్రవేశము గలవాడు కాడు, కనుక "స్నేహముగా ఉన్నారు" అన్న మాటను మేము అంతగా పట్టుకొనము. కాని ఒక విషయము స్పష్టము. పెండ్లి అయిన కొద్ది కాలానికే వచ్చిన ఒక పరదేశికి, ఒరిస్సా రాకుమార్తె వెళ్లగొట్టబడిన రాణిగా కాక ముగ్గురు పట్టపు రాణులలో ఒకతెగా తెలిసింది. పెండ్లినాటి రాత్రే ఆమెను విడిచిపెట్టాడన్న కథతో ఇది పొసగదు.

ఇక్కడ కొందరు ఒక అభ్యంతరము చెబుతారు. తిరుమల ఆలయములో రాయల లోహ ప్రతిమకు ఇరువైపులా తిరుమలదేవి, చిన్నాదేవి మాత్రమే ఉన్నారు, గజపతి కుమార్తె లేదు, కనుక ఆమె త్యజించబడినది అని. చూడడానికి బలమైన వాదమే. అయితే ఆ ప్రతిమల ప్రతిష్ఠ 1517 నాటిదని చెబుతారు. గజపతితో సంధి, పెండ్లి ఆ తరువాతివి, 1519 ప్రాంతమువని చరిత్రకారులలో పెక్కుమంది లెక్క. పెండ్లికి ముందు చేయించిన ప్రతిమలలో పెండ్లికూతురు లేకపోవుటలో వింత ఏమున్నది? లేనిదాని నుండి వాదించుట ఎంత ప్రమాదమో పాత నిబంధన తరగతిలో మనము చెప్పుకొంటూనే ఉంటాము.

మూడవ సాక్షి "రాయవాచకము". ఇది మధుర నాయకుల కాలములో, సుమారు 1600 ప్రాంతములో రూపుదిద్దుకొన్న తెలుగు వచన గ్రంథమని పరిశోధకుల అభిప్రాయము. అంటే సంఘటన జరిగి దాదాపు 80 ఏండ్లు. ఇందులో గజపతి ఓటమి అప్పాజీ తెలివి వలన జరుగుతుంది. గజపతి పక్షాన ఉన్న 16 మంది పాత్రులకు లంచము ముట్టినట్లుగా నగల పెట్టెలు, ఉత్తరాలు పంపి, అవి గజపతి చేతనే పడేటట్లు చేస్తాడు. తనవారే ద్రోహులని నమ్మి గజపతి రాత్రికి రాత్రి పారిపోతాడు. తరువాత నిజము తెలిసి, కూతురిని ఇచ్చి సంధి చేసుకొంటాడు. ఈ గ్రంథము ఎంతో రుచిగల రచన. కాని దాని కథానాయకుడు తిమ్మరుసు. తిమ్మరుసు బుద్ధి ఎంత గొప్పదో చూపాలంటే ఎదుటివారి కుట్రయో బలహీనతయో కావాలి. కత్తి దాచిన రాణి కథ కూడా ఈ తిమ్మరుసు కథల వరుసలోనే పెరిగినదని మాకు తోస్తున్నది. మంత్రి దూరదృష్టి వెలగడానికి ఒక స్త్రీ హంతకురాలు కావలసి వచ్చింది.

రాణుల గురించి ఇటువంటి కథలు అల్లుట ఆ ఆస్థానపు జ్ఞాపకానికి అలవాటే. తిరుమలదేవి నిద్రలో రాజు చిత్రపటము వైపు కాళ్లు చాపిందని, రాజు అలిగాడని, ఆమె పుట్టింటి నుండి వెంట వచ్చిన కవి నంది తిమ్మన ఆ అలుక తీర్చడానికే "పారిజాతాపహరణము" వ్రాశాడని చెప్పే కథ అందరికీ తెలిసినదే. ఆ కథ వలన తిరుమలదేవికి నష్టము లేదు, నవ్వుకొని వదిలేస్తాము. గజపతి కుమార్తె కథ అలా కాదు. ఆమెను అది దోషిని చేసింది.

నాలుగవది సాక్ష్యమా కాదా చెప్పడము కష్టము. "తుక్కా పంచకము" అనే ఐదు సంస్కృత శ్లోకములు ఆమె రచనగా వాడుకలో ఉన్నాయి. వాటిలో ఒకదాని భావము ఇది: తోటలోని కొత్త పూలన్నిటి మీదా తిరిగే తుమ్మెద సంపెంగను మాత్రము వాసన చూడలేదు; అంతమాత్రాన లోపము సంపెంగదేనా? ఆదరణ దొరకని భార్య వ్రాసినట్లుగానే ఉన్నవి ఈ శ్లోకములు. కాని అవి నిజముగా ఆమె వ్రాసినవేనా, లేక ఆమె కథ విన్న మరెవరో ఆమె పేర కట్టినవా అన్నది శ్లోకముల వలననే తేలదు. మేము వాటిని జీవితచరిత్రగా వాడము. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. కత్తి కథ చెప్పినవారున్న ఈ నేల మీదనే, ఆమె పక్షాన మాటలాడిన నోరు కూడా ఒకటి ఉండినదని ఈ శ్లోకములు చూపుతున్నాయి.

ఆమె ఒంటరిగా కంభములో నివసించిందని, అక్కడి పెద్ద చెరువు ఆమె కట్టించినదే అని కూడా జనశ్రుతి. కొందరు ఆ చెరువు కట్టించిన గజపతి రాకుమార్తె పేరు వరదరాజమ్మ అంటారు. గుండ్లకమ్మ మీద కొండల నడుమ కట్టిన ఆ చెరువుకు 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘము వారసత్వ గుర్తింపు కూడా లభించింది. కట్టించినవారి విషయములో స్థానిక జ్ఞాపకమే ఆధారము గనుక దీనిని కూడా నిశ్చయముగా చెప్పము.

కాబట్టి లెక్క ఇలా ఉన్నది. సమకాలికులైన ఇద్దరు పరదేశులలో ఒక్కరూ ఈ నేరము చెప్పలేదు. వారిలో ఒకడు చెప్పిన స్థితి ఆ నేరానికి విరుద్ధముగా ఉన్నది. నేరము చెప్పే కథలు తరువాతివి, మంత్రిని పొగడే ఉద్దేశము గలవి. ఆమె నిర్దోషియని కూడా మేము నిరూపించలేదు. కాని ద్వితీయోపదేశకాండపు న్యాయస్థానములో ఈ అభియోగము నిలవదు.

బైబిలు విద్యార్థికి ఇక్కడ మీకాలు గుర్తుకు రావాలి. 1 సమూయేలు 18:21లో సౌలు తన కుమార్తెను దావీదుకు ఇవ్వదలచింది ఆమె అతనికి ఉరిగా ఉండవలెననియే. తండ్రి కుట్ర, కూతురు ఉరి, అల్లుడు లక్ష్యము: కత్తి కథలోని అంశములన్నీ ఇక్కడ ఉన్నాయి. అయితే మీకాలు ఏమి చేసింది? 19వ అధ్యాయములో తండ్రి పంపిన దూతలను మోసపుచ్చి, భర్తను కిటికీగుండా దింపి ప్రాణము కాపాడింది. ఉరిగా ఇవ్వబడినది తాడుగా పనిచేసింది. దానియేలు 11:17ను వివరించే వ్యాఖ్యాతలు కూడా ఇటువంటిదే చూపుతారు. సిరియా రాజైన మూడవ అంతియోకసు, ఐగుప్తును లోపలినుండి పాడుచేయవలెనని క్రీ.పూ. 193 ప్రాంతములో తన కుమార్తె క్లియోపాత్రను ఐదవ టాలెమీకి ఇచ్చాడు. ఆమె తండ్రి పక్షము విడిచి భర్త పక్షమున నిలిచింది. తండ్రి ఉద్దేశమునే కూతురి క్రియగా ఎంచరాదని లేఖనమే మనకు నేర్పుతున్నది.

మరొక సూక్ష్మము కూడా ఉన్నది. 1 సమూయేలు 19:11లో, అంటే ఆమె దావీదును కాపాడిన చోట, గ్రంథకర్త ఆమెను దావీదు భార్య అన్నాడు. 2 సమూయేలు 6లో, ఆమె దావీదును హీనపరచిన చోట, మూడుసార్లూ సౌలు కుమార్తె అన్నాడు. మేలు చేసినప్పుడు మన ఇంటి కోడలు, నిందకు వచ్చినప్పుడు పరాయి ఇంటి పిల్ల. మన ఊళ్లలో పాత పగలు చల్లార్చడానికి రెండు కుటుంబముల పెద్దలు కూర్చొని కుదిర్చిన సంబంధములలో ఈ మాట ఇప్పటికీ వినబడుతుంది. ఆ ఇంట ఏ కీడు జరిగినా "వాళ్ల పిల్ల వచ్చినప్పటి నుండే" అంటారు. అటువంటి ఇంటికి ప్రార్థనకు వెళ్లే కాపరి, అంతకుముందు ఆదివారమే వేదిక మీద కత్తి దాచిన గజపతి కుమార్తె కథ చెప్పి ఉంటే, ఆ కోడలు అతని ముందు నోరు విప్పుతుందా?

ఇదే కాలములో ఐరోపాలో జరిగిన మరొక రాణి వ్యవహారము మన సంఘచరిత్ర పాఠములలో ఉన్నది. రాయలు పట్టమెక్కిన 1509లోనే ఇంగ్లండులో ఎనిమిదవ హెన్రీ పట్టమెక్కాడు. మగ సంతానము కొరకు అతడు మొదటి భార్య కాతరీనును విడిచి 1533లో ఆన్ బొలీనును పెండ్లాడాడు. ఆ వివాహము కొరకే రోముతో తెగతెంపులు, 1534లో రాజే సంఘానికి శిరస్సు అన్న చట్టము. 1536 మే 19న వ్యభిచారము, రాజద్రోహము అనే నేరముల మీద ఆమె తల నరికించాడు. మరునాడే జేన్ సీమోరుతో నిశ్చితార్థము, ఆ నెలాఖరులోపే వివాహము. నేరారోపణ ఎంత తొందరగా అల్లబడిందో ఆ తేదీలే చెబుతున్నాయి. నూనిజ్ విజయనగర వృత్తాంతము వ్రాస్తున్నది సరిగ్గా ఈ ఏండ్లలోనే.

తరువాత ఆన్‌కు జరిగినది మనకు మరింత ముఖ్యము. సంస్కరణ పక్షపు జాన్ ఫాక్స్ తన హతసాక్షుల గ్రంథములో ఆమెను సువార్తకు తోడ్పడిన రాణిగా చిత్రించాడు. ఆమె వద్ద టిండేల్ 1534 నాటి కొత్త నిబంధన ప్రతి ఉండినదన్నది నిజమే. కాతోలిక పక్షపు నికొలస్ సాండర్స్, ఆమెను ఎన్నడూ చూడనివాడు, 1585లో వెలువడిన తన గ్రంథములో ఆమె చేతికి ఆరవ వ్రేలు అంటగట్టాడు. ఒకే స్త్రీ ఒక పక్షానికి ఎస్తేరు, మరొక పక్షానికి యెజెబెలు. ప్రొటెస్టెంటులమైన మనము సాండర్స్‌ను సులభముగా త్రోసివేస్తాము, ఫాక్స్‌ను మాత్రము అడగకుండా నమ్ముతాము. అది న్యాయము కాదు. ఆమె మతభక్తి ఎంతటిదైనా, ఆమె మీది నేరము నిలుచునా లేదా అన్నది వేరు ప్రశ్న.

ప్రసంగమునకు కథలు కావాలి, కాదనము. గజపతి కుమార్తెను ప్రస్తావించవలసి వస్తే నూనిజ్ చెప్పినంతవరకు చెప్పవచ్చు: యుద్ధములో అన్నను పోగొట్టుకొని, చెరలో ఉన్న రాణికి విడుదల వెలగా, ఒక సీమకు మారుగా ఇవ్వబడిన పిల్ల. అది చాలు, దానికి కత్తి అక్కరలేదు. మా తరగతిలో ఈ పాఠము చెప్పేటప్పుడు 2 సమూయేలు 3:13-16ను కూడా కలిపి చదివిస్తున్నాము. అబ్నేరుతో నిబంధన చేయడానికి దావీదు పెట్టిన షరతు, మీకాలును తిరిగి తెచ్చి అప్పగించుట. అప్పటికి ఆమె పల్తీయేలు ఇంట ఉన్నది. ఆమె ఏమన్నదో వాక్యము వ్రాయలేదు. పల్తీయేలు మాత్రము ఏడ్చుచు బహూరీము వరకు ఆమె వెనుక వచ్చాడు. అబ్నేరు పొమ్మనగా తిరిగి వెళ్లిపోయాడు.